బి-ఎస్1, డి0 ఉంటే ప్లైవుడ్ మీద అతికించొచ్చా?

నమస్తే అండీ. హోమ్ థియేటర్ గోడ ప్యానెల్‌కి ‘బి-ఎస్1, డి0’ సర్టిఫికెట్ ఉంది, ప్లైవుడ్ మీద అతికించొచ్చా అని అడిగారు. ఆ ఒక్క కాగితం చూసి అతికించకండి, పిల్లలు కూర్చునే గది.

అది వస్తువు మంటకు ఎలా స్పందిస్తుందో చెప్పే యూరప్ వాళ్ల ప్రమాణం ఈఎన్ 13501-1 లోని క్లాసు. బి అంటే మంట పెరగడానికి చాలా కొద్దిగానే తోడవుతుందని, ఎస్1 అంటే పొగ తక్కువని, డి0 అంటే పరీక్షలో 600 సెకన్ల లోపు మండుతున్న చుక్కలు రాలలేదని. మీటరున్నర ఎత్తు ప్యానెళ్లను గది మూలలా నిలబెట్టి, కింద 30 కిలోవాట్ల ప్రొపేన్ బర్నర్ వెలిగిస్తారు. వెనక ఏ బోర్డు ఉంది, జిగురుతో అంటించారా, మధ్యలో ఖాళీ వదిలారా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. జిప్సం బోర్డు మీద వచ్చిన ‘బి’ మీ ప్లైవుడ్ మీద రాకపోవచ్చు.

అమ్మినవాళ్లను పూర్తి క్లాసిఫికేషన్ రిపోర్ట్ అడగండి. ఆ క్లాసు ఏ బోర్డుల మీద వర్తిస్తుందో చెప్పే ‘ఫీల్డ్ ఆఫ్ అప్లికేషన్’ భాగంలో ప్లైవుడ్ లేకపోతే, అందులో రాసిన బోర్డే వేయించండి.