సిస్టిక్ ఫైబ్రోసిస్ (కఫం జిగటగా మారి ఊపిరితిత్తులనూ అరుగుదలనూ దెబ్బతీసే పుట్టు జబ్బు) ఉన్న పదిహేనేళ్ల కొడుకు, మందుల దగ్గర రోజూ గొడవ: నల్లగొండలో ఉంటున్నాం, ఏం చేయాలి?

ఈ వయసులో మందులు ఎగ్గొట్టేది మొండితనంతో కన్నా విసుగుతోనే ఎక్కువ. "వేసుకున్నవా?" అని ఇంటిల్లిపాదీ అడగొద్దు, ఒక్కరే, ఒక్కసారే అడగాలి.

పనులు పంచుకోండి. తిన్నది అరగడానికి వేసుకునే ఎంజైమ్ క్యాప్సూళ్లు కొడుకు బాధ్యత. నెబులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే యంత్రం) కప్పు శుభ్రం చేసి ఆరబెట్టడం, మందులు అయిపోకముందే తేవడం మీ పని. అన్నీ ఒకేసారి వాడికే వదిలేస్తే వాడి ఒంటి బరువు తగ్గుతుంది, దగ్గు ముదురుతుంది. నెబులైజర్ వరస మామూలుగా ఇది: ముందు శ్వాసనాళాలు తెరిచే మందు, తర్వాత ఉప్పునీరు, కఫం తీసే వ్యాయామం, చివర యాంటీబయాటిక్. కఫం తీయకుండా యాంటీబయాటిక్ పెడితే అది లోపలిదాకా సరిగ్గా చేరదు.

దావతుల్లో చుట్టాల ముందు సిగ్గుపడి క్యాప్సూల్ మానేస్తారు. అది తొలి ముద్దతోనే పడాలి, నమలొద్దు. లేకపోతే మటన్ కొవ్వు అరగదు; కడుపునొప్పి, జిడ్డు విరేచనాలు. ముందే జేబులో పెట్టి పంపండి, అందరి ముందు గుర్తుచేయకండి.

మన ఎండల్లో వీళ్ల చెమటతో ఉప్పు చాలా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ సీసా బడికి ఇవ్వండి. ఎంత ఉప్పో డాక్టరే చెప్పాలి.

ఇక "కోడలి వైపు నుంచి వచ్చింది" అనే మాట ఇంట్లో ఆగాలి. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. ఇద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు ఒకటి ఉన్నవాళ్లైతే) ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం. అందుకే వాడి చెల్లెలికీ చెమట పరీక్ష (చెమటలో ఉప్పు ఎంతుందో చూసేది) చేయించండి.

డాక్టరు దగ్గర కాసేపు వాణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీకు చెప్పనివి అక్కడ చెప్తాడు.