ఇంటికొచ్చే కరెంటు 230 వోల్టులా, 325 వోల్టులా? ఆర్ఎంఎస్ అంటే ఏమిటి?

"ఇళ్లకు వచ్చేది 230 వోల్టులని అందరూ అంటారు, మా లెక్చరర్ మాత్రం పీక్ 325 అన్నారు, మరి మీటర్ 230 ఎందుకు చూపిస్తుంది, ఈ ఆర్ఎంఎస్ అసలు దేనికి?" అని అడిగారు.

రెండూ నిజమే. ఇళ్లకొచ్చేది ఏసీ కరెంటు, అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ ప్లస్ వైపు ఒకసారి, మైనస్ వైపు ఒకసారి 325 దాకా వెళ్లి వస్తుంది. అదే పీక్, అక్కడ ఉండేది క్షణమే. 230 అన్నది వేడి లెక్క, ఆర్ఎంఎస్ (రూట్ మీన్ స్క్వేర్) అంటే అదే. మీ హీటర్‌కి 230 వోల్టుల డీసీ, అంటే ఊగకుండా ఒకేలా ఉండే కరెంటు, ఇస్తే ఎంత వేడెక్కుతుందో, ఈ ఊగే కరెంటు ఇచ్చినా అంతే వేడెక్కుతుంది, అందుకే దాన్ని 230 అన్నారు. 325ని 0.707తో గుణిస్తే 230 వస్తుందని ఐటీఐలో నేనూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ మాటకు అర్థం తెలిసింది 2018లో, తిత్లీ తుఫాను తర్వాత.

మాది పలాస పక్కన, కాశీబుగ్గలో చిన్న రిపేరు షాపు. ఆ ఏడాది అక్టోబరు 11న తెల్లవారుజామున తుఫాను మా దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసపెట్టి పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. జనం ఇన్వర్టర్ బ్యాటరీలు మోసుకొచ్చి జనరేటర్ ఉన్న చోటల్లా చార్జింగ్ పెట్టించుకునేవారు, నేను పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పనిలోనే ఉండేవాణ్ణి.

మా వీధి చివర పిన్ని ఒకావిడ ఉంది, చుట్టరికం కాదు, వరసకి పిన్ని. బాబాయికి ఒంట్లో బాగోక మంచం మీద ఉన్నాడు, ఆయనకి రాత్రి ఫ్యాను లేకపోతే కుదరదు. వాళ్ల ఇన్వర్టర్ పాతది, లోకల్‌గా ఎవరో అసెంబుల్ చేసింది. నా చవక పసుప్పచ్చ మీటర్ పెట్టి చూస్తే 180 చూపించింది. లో వోల్టేజ్ అనుకున్నాను. మూత విప్పి, లోపల వోల్టేజ్ సర్దే ప్రీసెట్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెం తిప్పుతూ సరిగ్గా 230 దగ్గర ఆపి, ఇక ఢోకా లేదు పిన్నీ అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే పిన్ని షాపుకొచ్చి, "ఏటి నాన్నా, ఫ్యాను కాలిన వాసనొస్తోంది" అంది. వెళ్లి మోటారు మీద చెయ్యి పెడితే పెట్టలేకపోయాను. వైండింగ్ వార్నిష్ వాసన గదంతా ఉంది. మీటర్ మళ్లీ పెట్టి చూశాను, అదే 230. నాకేమీ అర్థం కాలేదు. ఆయన మంచం పక్కనే ఆ ఫ్యాను రాత్రంతా తిరిగిందని తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

నాకు పని నేర్పిన మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు: "మీటర్ని అడిగావు సరే, బల్బుని అడిగావేటిరా?"

ఇన్వర్టర్, బ్యాటరీ తోపుడు బండి మీద వేసుకుని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ జనరేటర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఒకే పెట్టెలోంచి తీసిన 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బులు రెండు తెచ్చాడు. ఒకటి జనరేటర్‌కి, ఒకటి ఇన్వర్టర్‌కి పెట్టాడు. నా మీటర్ జనరేటర్ మీద 230 చూపించింది, ఇన్వర్టర్ మీదా 230 చూపించింది. కానీ బల్బులు ఒకలా లేవు. జనరేటర్ బల్బు ఎప్పటిలా పసుపుగా ఉంది, ఇన్వర్టర్ బల్బు కళ్లు చెదిరేలా తెల్లగా మండుతోంది. తర్వాత మేస్త్రీ పెట్టెలోంచి నల్లటి పాత ముల్లు మీటర్ తీసి పెడితే ముల్లు 260 దగ్గర నిలబడింది.

ఆ ముల్లు మీటర్ స్కేల్ ఎప్పుడైనా గమనించారా? మొదట్లో గీతలు ఇరుక్కుని ఉంటాయి, పోనుపోను ఎడం పెరుగుతుంది. లోపల ఇనప రేకుని నెట్టే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి స్కేల్ అలా వస్తుంది. ఆర్ఎంఎస్‌లో మొదట చేసే పని, అంటే వర్గం చెయ్యడం, ఆ రేకు తనంతట తానే చేసేస్తోంది. ఐటీఐలో ఆ మీటర్ బొమ్మ నాతో పదిసార్లు వేయించారు, గీతలు ఎందుకు ఇరుకో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు ఇదే కోపం. ఫార్ములా నిరూపణ బోర్డు నిండా రాస్తారు, పిల్లాడి చేత ఒక్క బల్బు వెలిగించరు.

సరే, లెక్క చెప్తాను. ఆ ఇన్వర్టర్ మెయిన్ కరెంటులా నున్నగా ఊగే సైన్ వేవ్ ఇవ్వదు. అటు వైపు కాసేపు 325, కాసేపు సున్నా, ఇటు వైపు కాసేపు 325, మళ్లీ సున్నా. ఒక్కో వైపుకి 10 మిల్లీసెకన్లు ఉంటే అందులో సగం 325, సగం ఖాళీ అనుకోండి. సరాసరి తీస్తే 162 చిల్లర. కానీ వేడి సరాసరిని బట్టి రాదు, వోల్టేజ్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకని ముందు 325ని వర్గం చెయ్యాలి, దాంతో మైనస్ గొడవ కూడా పోతుంది, ఎందుకంటే హీటర్‌కి కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే. ఆ వర్గం సగం సేపే ఉంది కాబట్టి సరాసరి అందులో సగం. దానికి వర్గమూలం తీస్తే 230. వర్గం, సరాసరి, మూలం, అంతే ఆర్ఎంఎస్. అంటే పిన్ని ఇన్వర్టర్ నేను చెయ్యి పెట్టకముందు సరిగ్గానే ఉంది.

మరి మీటర్ 180 ఎందుకు చూపించింది? చవక మీటర్ వర్గాలూ మూలాలూ చెయ్యదు. మైనస్‌ని ప్లస్ చేసుకుని మామూలు సరాసరి తీసి 1.11తో గుణించి చూపిస్తుంది. సైన్ వేవ్‌కి సరాసరి 207, దాన్ని 1.11తో గుణిస్తే 230, కాబట్టి గోడ ప్లగ్ దగ్గర అది కరెక్టుగానే చెప్తుంది. మన ఇన్వర్టర్ వేవ్‌కి 162 చిల్లరని 1.11తో గుణిస్తే 180. నేను ఆ 180ని 230 చెయ్యాలని 325 ఉండే సమయాన్ని పెంచేశాను, దాంతో అసలు ఆర్ఎంఎస్ 260 దగ్గరికి పోయింది. బల్బులాంటి దానికి అది పావు వంతుకు పైగా అదనపు వేడి. మేస్త్రీ ప్రీసెట్ తగ్గిస్తూ వచ్చి, బల్బులు రెండూ ఒకేలా వెలిగిన చోట ఆపాడు. అప్పుడు నా మీటర్ చూస్తే మళ్లీ 180.

అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెప్తాను, కరెంటు పని చేసే ప్రతివాడి దగ్గరా ట్రూ ఆర్ఎంఎస్ మీటర్, అంటే వేవ్ ఎలా ఉన్నా అసలు ఆర్ఎంఎస్ చూపించేది, ఉండాలి, ముందు మీటర్ కొని తర్వాత డ్రిల్లింగ్ మిషన్ కొనండి. ఈ రోజుల్లో ఇది ఇన్వర్టర్ ఒక్కదాని గొడవ కూడా కాదు. ఎల్ఈడీ బల్బులు, కంప్యూటర్లు కరెంటుని సాఫీగా తీసుకోవు, పీక్ దగ్గర గుటుక్కున లాగేస్తాయి. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ చవకదైతే దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, వైరు మాత్రం పూర్తి ఆర్ఎంఎస్‌కి వేడెక్కుతుంది. త్రీఫేజ్ షాపుల్లో న్యూట్రల్ వైరు ఎందుకు కాలిందో తెలియట్లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఆ పసుప్పచ్చ మీటరే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫోటో చూసి మోసపోకండి, ట్రూ ఆర్ఎంఎస్ అని మీటర్ మీదా, మాన్యువల్లోనూ ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో మెయిన్ సప్లై చూసుకోవడానికైతే మామూలుది చాలు.

ఇక మీ లెక్చరర్ చెప్పిన 325 కాగితం మీద లెక్కేమో అనుకోకండి. పాడైన ఎల్ఈడీ బల్బు ఒకటి విప్పితే చాలా వాటిలో చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ కనబడుతుంది, దాని మీద 400 వోల్టులని రాసి ఉంటుంది. 230కి 400 ఎందుకంటే, కరెంటుని ఒకే వైపుకి పంపే డయోడ్లు దాటాక ఆ కెపాసిటర్ పీక్ దాకా నిండుతుంది, 250 వోల్టులది పెడితే ఉబ్బి పేలిపోతుంది. వైరు తొడుగైనా, స్విచ్చైనా ఓర్చుకోవాల్సింది ఆ 325నే. హోల్డర్ నుంచి తీసిన వెంటనే మాత్రం విప్పకండి, కాసేపు ఆగండి, ఆ 325 ఇంకా అందులో ఉండొచ్చు.