చోక్ తీస్తే ఆగిపోయే ఇంజన్, ఐటీఐ సీటు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. ఇంట్లో రెండేళ్లుగా మూలపడి ఉన్న పెట్రోలు పవర్ వీడర్ (కలుపు తీసే యంత్రం) కార్బురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపే భాగం విప్పి, రాగి తీగతో జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాల ముక్కలు) శుభ్రం చేసి, కొత్త కిట్ వేశాడు. సగం చోక్‌లో ఇంజన్ నడుస్తోంది, చోక్ పూర్తిగా తీయగానే ఆగిపోతోంది. నాలుగుసార్లు విప్పి బిగించినా అదే తీరు. ప్లగ్ మాత్రం తెల్లగా ఉంటోందట. ట్రాక్టర్ మెకానిక్ అవుతానంటున్నాడు. ఈ చిన్న ఇంజనే బాగుచేయలేనివాణ్ని ఐటీఐలో చేర్చవచ్చా? (ఒక తండ్రి, అనంతపురం జిల్లా)

జవాబు: ప్లగ్ తెల్లగా ఉందన్న సంగతి మీ అబ్బాయి తనంతట తాను గమనించి మీకు చెప్పి ఉంటే, ఈ పనికి కావలసిన చూపు అతనికి ఉన్నట్టే. చోక్ మూసినప్పుడు గాలి తగ్గి, దానికి తగ్గట్టు పెట్రోలు వాటా పెరుగుతుంది. సగం చోక్‌లోనే నడిచే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదని, లేదా ఎక్కడినుంచో అదనపు గాలి చొరబడుతోందని అర్థం. తెల్లని ప్లగ్ చెబుతున్నదీ అదే. తీగ పెట్టి పొడవడం వల్ల జెట్టు రంధ్రం పెద్దదై ఉంటే పెట్రోలు ఎక్కువై ప్లగ్ నల్లబడేది. కాబట్టి ఆ తప్పు ఈసారికి అంతగా నష్టం చేయలేదనుకోవచ్చు, కానీ జెట్టులో తీగ పెట్టడం ఇకమీదట మానెయ్యమనండి.

ముందుగా ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు పైపు విప్పి, సీసాలోకి ఒక నిమిషంపాటు ధార వదలాలి. మొదట బాగా వచ్చి క్రమంగా సన్నబడితే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, మూత వదులు చేసి చూస్తే అది తేలిపోతుంది. ధార బాగుంటే స్లో జెట్టును (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించేది), మెయిన్ జెట్టు పైన ఉండే గొట్టం పక్కవైపు సన్నని రంధ్రాలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రెండేళ్లు నిలవ ఉన్న పెట్రోలు ఆవిరై మిగిల్చే జిగురు ఎక్కువగా అక్కడే పేరుకుంటుంది, పైపై కడుగుడుకు అది వదలదు. అవి శుభ్రంగా ఉంటే ఇంజన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య ఉన్న ప్యాకింగ్‌ను అనుమానించాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ అతుకు మీద నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేస్తే, గాలి లీకు ఉన్న పక్షంలో ఇంజన్ శబ్దం మారుతుంది. పెట్రోలుతో చేసే పని కనుక ఇదంతా ఆరుబయట, బీడీ సిగరెట్లకు దూరంగా జరగాలి.

మీ అబ్బాయి నాలుగుసార్లు విఫలం కావడానికి కారణం నైపుణ్యం లేకపోవడమని నేను అనుకోను. కిట్, తీగ, బిగింపు అన్నీ ఒకేసారి చేశాడు. అందువల్ల ఏది మారితే ఏమైందో అతనికి తెలిసే అవకాశమే లేకపోయింది. ఒక్కో మార్పు చేసి, ఫలితాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవడం ఐటీఐ వర్క్‌షాపులో చేరితే అలవాటయ్యే పని.

ఇక ట్రాక్టర్ల విషయం. మన ఊళ్లలోని ట్రాక్టర్లు డీజిల్‌వి, వాటికి కార్బురేటర్ ఉండదు. పాతవాటిలో డీజిల్‌ను ఒత్తిడితో పంపే మెకానికల్ ఇంజెక్షన్ పంపు, దాన్ని ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లు చూడాలి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు రావడంతో వాటిలో కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని నాజిళ్లకూ డీజిల్ అందించే పద్ధతి), సెన్సార్లు, కంట్రోల్ యూనిట్ వచ్చాయి. అక్కడ స్పానరుతోపాటు మల్టీమీటర్, స్కానర్ పట్టడం తెలియాలి. అందువల్ల ఏడాది డీజిల్ మెకానిక్ ట్రేడ్ కంటే, సీటు దొరికితే రెండేళ్ల మెకానిక్ అగ్రికల్చరల్ మెషినరీ ట్రేడ్‌నే నేను ఎంచుకుంటాను. ట్రాక్టర్ ఒక్కటే కాక వీడర్, స్ప్రేయర్, హార్వెస్టర్ కూడా అతని చేతికి వస్తాయి. ఈ ట్రేడ్ అన్ని ఐటీఐలలో ఉండదు, కనుక దరఖాస్తుకు ముందే వెళ్లి, వర్క్‌షాపులో నడిచే ఇంజన్లు ఎన్ని ఉన్నాయో మీ కళ్లతో చూసి రండి. గోడకు తగిలించిన చార్టులే తప్ప విప్పే ఇంజన్ లేని చోట రెండేళ్లు గడపడం దండగ.

మీ జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దేశంలో ఇలాంటివి నాలుగే, తక్కినవి మధ్యప్రదేశ్, హర్యానా, అస్సాంలలో ఉన్నాయి. అక్కడి స్వల్పకాలిక శిక్షణలకు ఎవరు అర్హులో వెళ్లి అడగండి.

లెక్కలంటే మీ అబ్బాయికి భయం లేకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ ద్వారా డిప్లొమా దారి కూడా ఉంది, ఐటీఐ పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండుతో పని నేర్చుకునే దారి ఉండనే ఉంది. ఈ వారం మాత్రం, పైన చెప్పిన మూడు పరీక్షలూ అదే వరసలో అతనితో చేయించి, ఏ పరీక్షలో ఏమి కనిపించిందో రాసిన కాగితాన్ని నాకు పంపించండి. ఇంజన్ నడిచినా నడవకపోయినా సరే.