బొడ్డు దగ్గర గడ్డ గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

క్లోమం క్యాన్సర్ మొట్టమొదట బొడ్డు దగ్గర గడ్డగా బయటపడిన రోగి ఉదంతాన్ని వైద్య పత్రికకు రాయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో నా తరువాత పాథాలజీ చేపట్టిన దానివి నువ్వే కనుక చాలా గర్వపడ్డాను. కానీ "చాలా అరుదైన కేసట అన్నయ్యా" అని వాడు మురిసిపోతుంటే మనసులో దిగులు మొదలైంది. అరుదు అన్న మాట చెవిన పడితే చాలు, మన వృత్తిలో ఎంతటివారికైనా తొందర పుడుతుంది.

రోగి నుంచి రాతపూర్వకమైన అంగీకారం తీసుకో. రోగి ఉదంతాలు ఎలా రాయాలో చెప్పే, 2013లో వెలువడిన కేర్ మార్గదర్శకాలను దగ్గర పెట్టుకుని రాయి. "మొట్టమొదటిసారి" అన్న మాట ఎక్కడా వాడకు. ఆ గడ్డకు సిస్టర్ మేరీ జోసెఫ్ పేరు ఎలా వచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పు: అమెరికా సర్జన్ విలియం మేయోకు శస్త్రచికిత్సల్లో సహాయపడిన ఆ సన్యాసిని దాన్ని గమనించారు, 1949లో ఇంగ్లిష్ సర్జన్ హామిల్టన్ బెయిలీ ఆమె పేరు పెట్టారు. అంతకు మించి చరిత్ర అక్కరలేదు. కడుపు, పెద్దపేగు, అండాశయం, క్లోమం, వీటిలో దేని నుంచైనా క్యాన్సర్ బొడ్డుకు పాకవచ్చు. నీ రోగి విషయంలో మిగిలినవాటిని ఎలా తోసిపుచ్చారో చెప్పడమే నీ వ్యాసానికి ప్రాణం.

ఇలా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట, వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఒక నడివయసు స్త్రీ స్లైడ్లు రెండో అభిప్రాయం కోసం నా దగ్గరకు వచ్చాయి. ఆమె బొడ్డు దగ్గరి గట్టి గడ్డను మొదట చీముగడ్డ అనుకుని మందులిచ్చారు, తగ్గకపోతే హెర్నియా అనుకున్నారు, చివరికి ముక్క తీసి చూస్తే అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో ఊహించడానికి కణాల్లో రంగు వేసి చూసే సీకే 7 అనే ప్రోటీన్ పాజిటివ్‌గా వచ్చింది, స్కాన్‌లో అండాశయాలు పెద్దవిగా కనిపించాయి, అండాశయ క్యాన్సర్‌కు గుర్తుగా రక్తంలో చూసే సీఏ 125 పెరిగి ఉంది. మూడూ ఒకే దిక్కు చూపుతున్నట్టు అనిపించి, అండాశయ క్యాన్సర్ అని నిర్ధారించి ఆపరేషన్ చేసేశారు. సీకే 7 అండాశయంలోనే కాదు, ఊపిరితిత్తులు, పిత్తనాళం, క్లోమం క్యాన్సర్లలోనూ కనిపిస్తుంది. ఉదర పొరకు క్యాన్సర్ పాకితే, అది ఎక్కడ పుట్టినదైనా సీఏ 125 పెరగవచ్చు. క్లోమం క్యాన్సర్ అండాశయాలకు పాకి అక్కడే పుట్టినట్టు నటించగలదు. ఇవన్నీ అక్కడివారికి తెలియనివి కావు. కానీ ఒక సమాధానం దొరికాక రెండోదాన్ని వెదికే ఓపిక ఎవరికీ లేకపోయింది.

స్లైడ్లతో వచ్చిన కాగితంలో వయసు, "బొడ్డు గడ్డ" అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. వార్డుకు ఫోన్ చేస్తే ఒక కుర్ర డాక్టరు కేస్ షీటు తిరగేసి చదివాడు: ఈమధ్యనే బయటపడిన మధుమేహం, వీపులోకి పాకే నొప్పి, వేగంగా తగ్గిన బరువు. క్లోమాన్ని అనుమానించవలసిన ఆ గుర్తులు ముందునుంచీ రాసే ఉన్నాయి. ఎస్‌ఎమ్‌ఏడీ 4 పరీక్ష చేయిస్తే, మామూలు కణాల్లో ఉండే ఆ ప్రోటీన్ ఈ కణాల్లో లేదు. క్లోమం క్యాన్సర్లలో సుమారు సగంలో అది కనిపించదు, అండాశయంలో పుట్టిన క్యాన్సర్లో అలా లోపించడం అరుదు. క్లోమం కోసమే పలుచటి కోతలతో, కాంట్రాస్టు ఎక్కించి వేర్వేరు దశల్లో తీసిన సీటీలో కూడా స్పష్టమైన కణితి లేదు. క్లోమం తోక దగ్గర నాళం హఠాత్తుగా తెగినట్టు ఉండి, ఆ పైభాగం కుంచించుకుపోయి ఉంది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ సాయంతో సూది పెట్టి తీస్తే అవే కణాలు, అంటే క్యాన్సర్ పుట్టింది క్లోమంలోనే. ఆపరేషన్ గాయం మానేదాకా కీమోథెరపీ ఆగవలసి వచ్చింది, ఈలోపల ఆమె మంచాన పడింది.

క్లోమం తలభాగంలో కణితి పుడితే పిత్తనాళం మూసుకుని కామెర్లు వస్తాయి, మనిషి ఆసుపత్రికి పరుగెత్తుతాడు. క్లోమం ఒంటిలోనూ తోకలోనూ పుట్టేవి అలా కావు. అడ్డుపడే దారేదీ లేక, కడుపు వెనుక చాటున పెరిగి, కాలేయానికో ఉదర పొరకో పాకాక గాని బయటపడవు. సుమారు పదింట ఒక కణితి సీటీలో చుట్టూ ఉన్న కణజాలంతో సమానంగా కలిసిపోయి కనిపిస్తుంది. అందుకని "స్కాన్‌లో క్లోమం మామూలుగా ఉంది" అన్న వాక్యాన్ని, అది ఏ పద్ధతిలో తీసిన స్కానో తెలుసుకోకుండా ఎత్తి రాయకు. క్లోమం క్యాన్సర్‌కు గుర్తుగా రక్తంలో చూసే సీఏ 19-9 సంగతీ అంతే. లూయిస్ యాంటిజెన్ అనే రక్తకణాల మీది పదార్థం లేనివారిలో, అంటే నూటికి అయిదు నుంచి పది మందిలో, క్యాన్సర్ ఉన్నా అది పెరగదు. కేవలం కామెర్లతోనూ పెరుగుతుంది. దాన్ని ఆధారంగా చూపితే మాత్రం నేనే నీ వ్యాసాన్ని చింపేస్తాను.

ఊపిరితిత్తుల్లో పుట్టే మ్యూసినస్ రకం, అంటే జిగురు స్రవించే క్యాన్సర్ గురించి నాకు ఇప్పటికీ భయమే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను గుర్తుపట్టడానికి చేసే టీటీఎఫ్ 1 పరీక్ష నెగటివ్‌గా వచ్చి అచ్చం క్లోమం క్యాన్సర్‌లా కనిపించగలదు. ఛాతీ సీటీ చూశావా?

నువ్వు ఫోటోలతో మొదలుపెట్టావని మీ నాన్న అన్నాడు. ఆ పని ఆపి, రోగి ఏ లక్షణంతో ఎవరి దగ్గరకు వెళ్లింది, ఎక్కడ ఆలస్యం జరిగింది అన్న వరుసను ముందు రాయి తల్లీ. గడ్డ ఎంత అందంగా రంగు పట్టిందో చదివేవాడికి అవసరం లేదు. మధుమేహం ఎప్పుడు మొదలైందో అవసరం. క్లోమం క్యాన్సర్ నిర్ధారణ అయిన వారందరికీ వంశపారంపర్య జన్యు పరీక్ష సూచించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి కదా, ఆమె తోబుట్టువులకూ పిల్లలకూ ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో కనుక్కో. చెప్పకపోతే వ్యాసం కన్నా ముందు ఆ పని చూడు.

తొలిప్రతితో పాటు, బయాప్సీకి వార్డు నుంచి వచ్చిన అభ్యర్థన కాగితం నకలు కూడా, రోగి పేరు కొట్టివేసి, నాకు పంపు. నా కళ్లు మునుపటిలా లేవు గనుక అక్షరాలు పెద్దవిగా ఉండేలా చూడు.

మీ పెదనాన్న