జీడీబీలో పైథాన్‌తో రాసిన బ్రేక్‌పాయింట్లకు నమ్మదగిన ఆటోమేటెడ్ టెస్టులు రాయడం ఎలా?

ప్రశ్న: జీడీబీ అనే డీబగ్గర్‌లో (ప్రోగ్రాంలోని తప్పులు వెతికే సాధనం) పైథాన్ క్లాసుతో, షరతు చూసుకుని ఆగే బ్రేక్‌పాయింట్లు (ప్రోగ్రాంని మధ్యలో ఆపే చోట్లు) రాశాం. చేత్తో నడిపితే బాగానే ఉన్నాయి. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే చోట) మాత్రం ఒక్కోసారి టెస్టు ముగియకుండా వేలాడిపోతోంది, ఒక్కోసారి స్క్రిప్టులో తప్పున్నా పాస్ అవుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు రెండోదాని సంగతి చూడండి. వేలాడితే కంటికి కనిపిస్తుంది, తప్పుడు పాస్ కనిపించదు. బ్రేక్‌పాయింట్ ఒక్కసారి కూడా తగలకపోయినా ప్రోగ్రాం హాయిగా చివరిదాకా నడిచి సున్నాతో బయటికొస్తుంది. మీ టెస్టు చూసేది ఆ సున్నానే అయితే అది దేన్నీ టెస్ట్ చేయనట్టే.

అందుకే టెస్టు కోసం విడిగా ఒక చిన్న సీ ప్రోగ్రాం రాయండి. అందులో ‘స్టెప్’ అనే ఫంక్షన్‌ని 1 నుంచి 5 వరకు వరుసగా పిలవండి, మెయిన్ చివర 7 రిటర్న్ చేయండి. విలువ 4 అయినప్పుడే ఆగాలన్నది బ్రేక్‌పాయింట్ షరతు అనుకుందాం. అప్పుడు చూడాల్సినవి ఇవి: ఆగిన క్షణానికి స్టాప్ మెథడ్ (ఆగాలా వద్దా అని జీడీబీ ప్రతిసారీ అడిగే మీ పైథాన్ ఫంక్షన్) సరిగ్గా 4 సార్లు నడిచి ఉండాలి, ఆగిన ఫ్రేములో (అప్పుడు నడుస్తున్న ఫంక్షన్ పిలుపులో) విలువ 4 ఉండాలి, కంటిన్యూ చేశాక మొత్తం 5 కావాలి, రెండోసారి ఆగకూడదు, చివర్లో, ప్రోగ్రాం రిటర్న్ చేసిన సంఖ్యను జీడీబీ ఉంచే డాలర్ అండర్‌స్కోర్ ఎగ్జిట్‌కోడ్ ($_exitcode) అనే వేరియబుల్‌లో 7 ఉండాలి. సున్నా కాకుండా 7 ఎందుకంటే, ఏమీ జరగకపోయినా సున్నా వస్తుంది, 7 మాత్రం ప్రోగ్రాం నిజంగా చివరిదాకా నడిస్తేనే వస్తుంది. సార్ల లెక్క కోసం జీడీబీ ఇచ్చే హిట్ కౌంట్ మీద ఆధారపడకుండా, స్టాప్ మెథడ్ మొదటి లైనులోనే మీ సొంత కౌంటర్ పెంచుకోండి.

కంపైల్ చేసేటప్పుడు డీబగ్ సమాచారం ఉంచి, ఆప్టిమైజేషన్ సున్నాలో పెట్టండి. ‘స్టెప్’కి నోఇన్‌లైన్ ఆట్రిబ్యూట్ కూడా ఇవ్వండి. ఇన్‌లైన్ అయిన (పిలిచిన ప్రతిచోటా కోడ్ నేరుగా అతికిన) ఫంక్షన్‌కి ఒకే బ్రేక్‌పాయింట్ కింద చాలా లొకేషన్లు వచ్చి లెక్కలు తప్పుతాయి. ఫలానా లైను దగ్గర ఆపాలంటే లైను నంబరు రాసేయకండి. సోర్సులో ఆ లైను పక్కన ఒక కామెంట్ గుర్తుగా పెట్టి, స్క్రిప్టు ఆ గుర్తును వెతికి నంబరు తెలుసుకునేలా చేయండి. జీడీబీ, దానిలాంటి మరో డీబగ్గర్ ఎల్ఎల్‌డీబీల సొంత టెస్టులు కూడా ఇదే పద్ధతి వాడతాయి.

ఇక స్టాప్ మెథడ్. తప్పుడు పాసులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఇందులో ఎక్సెప్షన్ వస్తే జీడీబీ దాన్ని తెర మీద వేసి, ప్రోగ్రాంని ఆపేస్తుంది. అంటే వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పినా బ్రేక్‌పాయింట్ ‘ఆగుతుంది’. ‘ఆగిందా?’ అని మాత్రమే అడిగే టెస్టు పాస్ అయిపోతుంది, ఆగింది మాత్రం 1 దగ్గర. కాబట్టి మెథడ్ మొత్తాన్ని ట్రైలో పెట్టి, వచ్చిన ఎక్సెప్షన్లను ఒక లిస్టులో వేసుకోండి. చివర్లో ఆ లిస్టు ఖాళీగా ఉందో లేదో కూడా చూడండి. దీనికి సరిగ్గా ఎదురు ఇంకొకటి ఉంది: రిటర్న్ రాయడం మర్చిపోతే పైథాన్ నన్ ఇస్తుంది, జీడీబీ దాన్ని ఫాల్స్‌గా తీసుకుని ఎప్పటికీ ఆగదు. ఎల్ఎల్‌డీబీలో ఇది తిరగబడుతుంది. అక్కడ కాల్‌బ్యాక్ స్పష్టంగా ఫాల్స్ ఇస్తేనే ముందుకు వెళ్తుంది, ఏమీ ఇవ్వకపోతే ఆగుతుంది. ఒకే స్క్రిప్టును రెండింటికీ మార్చి వాడేవాళ్లు ప్రతి దారిలోనూ ట్రూ గానీ ఫాల్స్ గానీ తప్పకుండా రిటర్న్ చేయాలి.

స్టాప్ లోపల స్టెప్, నెక్స్ట్ లాంటివి నడపకూడదు, ఫ్రేము మార్చకూడదు, బ్రేక్‌పాయింట్లు తీసేయకూడదు. అవి కావాలంటే పోస్ట్ ఈవెంట్‌తో తర్వాతికి వాయిదా వేయండి. అదే బ్రేక్‌పాయింట్‌కి మామూలు కండిషన్ కూడా పెట్టలేరు, రెండింట్లో ఒక్కటే ఉండాలి.

ఇంకొకటి, పట్టుకోవడం కష్టమైనది. పార్స్ అండ్ ఎవాల్ ఇచ్చే విలువ లేజీ. అడిగినప్పుడు కాదు, వాడినప్పుడే మెమరీ చదువుతుంది. ఒక గ్లోబల్ కౌంటర్‌ని 3 హిట్లలో లిస్టులో దాచుకుని చివర్లో ప్రింట్ చేశారనుకోండి. 1, 2, 3 రావాల్సిన చోట 3, 3, 3 రావచ్చు, ప్రాసెస్ పోయుంటే మెమరీ చదవలేకపోయానన్న ఎర్రర్ రావచ్చు. దాచేముందే ఇంట్‌గా మార్చేయండి, లేదా ఫెచ్ లేజీ పిలవండి. ఎల్ఎల్‌డీబీలోనూ అంతే, ఫ్రేము ఆబ్జెక్టును దాచుకోకుండా అందులోంచి సంఖ్యను అప్పటికప్పుడే తీసుకోండి.

ఫంక్షన్ పేరు తప్పు రాసినప్పుడు ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. పైథాన్ నుంచి సృష్టించిన బ్రేక్‌పాయింట్ ఎక్సెప్షన్ ఇవ్వదు, పెండింగ్‌లో కూర్చుంటుంది. ప్రోగ్రాం మెయిన్ దగ్గర ఆగాక పెండింగ్ ఆట్రిబ్యూట్ ఫాల్స్ అయిందో లేదో చూడండి. ఎల్ఎల్‌డీబీలో అయితే లొకేషన్ల సంఖ్య 1 ఉందో లేదో చూస్తే చాలు.

ఇప్పుడు వేలాడటం. జీడీబీని బ్యాచ్ ఆప్షన్‌తో నడపండి, పేజింగూ నిర్ధారణ ప్రశ్నలూ ఆగిపోతాయి. ఎన్ఎక్స్ ఆప్షన్ ఇస్తే ఆ మెషీన్ మీదున్న సొంత ఇనిట్ ఫైళ్ల ప్రభావం ఉండదు. స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని డెవ్ నల్‌కి (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్‌కి) కలిపి, మొత్తాన్ని టైమౌట్ కమాండుతో 60 సెకన్లకు కట్టేయండి. గడువు దాటితే అది 124 ఇస్తుంది, మీ సీఐ దాన్ని మామూలు ఫెయిల్ నుంచి విడిగా చూపించాలి. ఎల్ఎల్‌డీబీ బ్యాచ్ మోడ్‌లో ఒక చిక్కుంది. ప్రోగ్రాం క్రాష్ అయితే అది బయటికి రాదు, ప్రాంప్ట్ దగ్గర నిలబడుతుంది. క్రాష్ అయినప్పుడు నడిచే కమాండుగా క్విట్ 1 ఇవ్వండి. పైథాన్ ఏపీఐ నుంచి నడిపిస్తుంటే సెట్ అసింక్‌ని ఫాల్స్ చేయండి. లేకపోతే కంటిన్యూ వెంటనే తిరిగొచ్చేసి, ప్రోగ్రాం ఆగకముందే మీ చెక్ నడిచిపోతుంది. ఒక్కోసారి పాస్, ఒక్కోసారి ఫెయిల్ అవుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఫలితం చెప్పే పని జీడీబీ ఎగ్జిట్ కోడ్‌కి వదిలేయకండి. కమాండ్ లైనులో వరుసగా ఇచ్చిన కమాండ్లలో మధ్యది ఫెయిలైనా, చివరిది నడిస్తే సున్నా రావచ్చు. స్క్రిప్టే స్పష్టంగా క్విట్ 0 లేదా క్విట్ 1 అనాలి. అన్ని చెక్‌లూ దాటాక ఒక ప్రత్యేక లైను ప్రింట్ చేసి, బయటి స్క్రిప్టు ఆ లైను ఉందో లేదో కూడా చూడాలి. ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని వేరే ఫైల్‌కి మళ్లించండి. పైప్‌లో పడ్డ ప్రింట్‌ఎఫ్ పూర్తి బఫరింగ్‌లోకి వెళ్తుంది కాబట్టి జీడీబీ లాగ్‌తో వరుస కలవదు, ఆ వరుస మీద రాసిన పోలికలన్నీ తప్పుతాయి.

కమాండ్స్ బ్లాక్‌తో (ఆగినప్పుడు నడవాల్సిన జీడీబీ కమాండ్ల జాబితాతో) రాసిన పాత బ్రేక్‌పాయింట్లు కూడా ఉంటే, కంటిన్యూ తర్వాత రాసిన కమాండ్లను జీడీబీ పట్టించుకోదు. కౌంటర్ పెంచే లైను దాని కింద ఉంటే పైకి జరపండి.

కంటెయినర్‌లో అడ్రస్ రాండమైజేషన్ (ప్రతిసారీ మెమరీ అడ్రసులు మార్చడం) ఆపలేకపోయానన్న హెచ్చరిక వస్తే అది సాధారణంగా సెక్‌కాంప్ (కెర్నెల్‌ని అడగగలిగే పనులను పరిమితం చేసే లినక్స్ ఏర్పాటు) నిబంధన వల్ల. అడ్రసుల మీద ఆధారపడిన చెక్‌లు అక్కడ నిలవవు, ఫంక్షన్ పేర్లతో రాయండి.

ఇదంతా అయ్యాక షరతులో 4 తీసి 9 పెట్టి ఒకసారి నడపండి. తర్వాత ఫంక్షన్ పేరు చెడగొట్టి ఒకసారి, రిటర్న్ తీసేసి ఇంకోసారి. మూడుసార్లూ టెస్టు ఎర్రగా ఫెయిలవ్వాలి. ఏ ఒక్కటి పచ్చగా వచ్చినా ఏ చెక్ లేదో అక్కడే తెలిసిపోతుంది. ఈ మూడు చెడగొట్టిన స్క్రిప్టులనూ పారేయకుండా, ‘ఫెయిల్ కావాల్సినవి’ అని సీఐలోనే ఉంచండి.