గోరు నల్లబడిందా? ముందు షూ సైజు చూడండి

మూడు నెలలుగా పరిగెడుతున్నానని, రోజూ వేసుకునే షూ సైజులోనే రన్నింగ్ షూస్ కూడా కొన్నానని, ఇప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతోందని రాశారు. షాపుకెళ్లి పాదాలు కొలిపించుకుంటే నిజంగా తేడా ఉంటుందా అన్నది మీ ప్రశ్న. ఉంటుంది. కాకపోతే అక్కడ చెప్పే ప్రతి మాటకీ తల ఊపక్కర్లేదు. రెండు గోళ్లు పోగొట్టుకున్నాక తెలిసిన సంగతులివి.

కాలేజీ రోజుల నుంచీ నాది 8వ నంబరే. హాఫ్ మారథాన్ కోసం దూరం పెంచుతుంటే, దిగుడు వచ్చినప్పుడల్లా వేళ్లు ముందుకెళ్లి షూకి కొట్టుకునేవి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంటే సరిపోతుందనుకున్నాను. ఓ సాయంత్రం సాక్సు విప్పితే అందులో గోరు వచ్చింది! నొప్పేమీ లేదు గానీ, చూడ్డానికి మాత్రం ఘోరం.

ఆ తర్వాత వెళ్లిన షాపులో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి కొలిచాడు. బరువు పడితే అరికాలి వంపు కాస్త అణిగి పాదం సాగుతుంది, వెడల్పవుతుంది. రెండు పాదాలూ కొలిస్తే నా ఎడమది అర సైజు పెద్దదని తేలింది. పెద్ద పాదానికే షూ చూసుకోవాలట. ఆయన వాడింది జరిపే పట్టీలున్న లోహపు పలక, బ్రానాక్ అంటారు. అది మడమ నుంచి వేలి కొస దాకానే కాదు, మడమ నుంచి బొటనవేలి మొదట్లో పాదం వంగే కీలు దాకా ఉన్న దూరం కూడా చెబుతుంది. షూ వంగే చోటూ పాదం వంగే చోటూ ఒకటి కాకపోతే, పొడవు సరిపోయినా ఇబ్బందే.

ఆయన 9 ఇచ్చాడు. వదులుగా ఉందన్నాను. నిలబడమని, వేలి కొసకీ షూ కొసకీ మధ్య తన చేతి బొటనవేలు అడ్డంగా పెట్టి చూపించాడు. అంత ఖాళీ ఉంది. పరుగులో పాదం ఉబ్బుతుంది, అడుగు పడ్డప్పుడల్లా కాస్త ముందుకు జరుగుతుంది. ఆ ఖాళీ అందుకే. అన్నట్టు, నా కాళ్లకి పొడవైనది బొటనవేలు కాదు, దాని పక్క వేలు. ఇన్నేళ్లూ నేను తప్పు వేలు దగ్గర నొక్కి చూసుకుంటున్నానన్నమాట.

వెడల్పు సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది: షూలో అరికాలి కింద పరిచి ఉండే మెత్తటి పొర (ఇన్‌సోల్) బయటికి తీసి దాని మీద నిలబడండి. చిటికెనవేలి వైపు పాదం అంచు దాటి బయటికొస్తే ఆ షూ మీకు ఇరుకు. అప్పుడు సైజు పెంచకండి, అదే సైజులో వెడల్పు రకం అడగండి. మగవాళ్లకు మామూలుది డి, వెడల్పుది 2ఈ. ఆడవాళ్లకు మామూలుది బి, వెడల్పుది డి. వెడల్పు కోసం సైజు పెంచితే మడమ లోపల ఆడి బొబ్బలొస్తాయి. మడమ కొద్దిగా జారుతుంటే మాత్రం షూ మార్చక్కర్లేదు. పైన ఖాళీగా వదిలేసే చివరి రంధ్రం ఉంటుందే, అందులోంచి లేసు తీసి చిన్న మెలిక వేసి బిగిస్తే చాలు.

ఇక ట్రెడ్‌మిల్ మీద వీడియో తీసే వ్యవహారం. అంతకుముందు ఓ షాపులో నా పరుగు వీడియో తీసి, పాదాలు లోపలికి వాలుతున్నాయని లోపలి అంచు గట్టిగా ఉండే షూ అంటగట్టారు. నెల తిరక్కుండా మోకాలు నొప్పి. తప్పంతా షూదేనని ఒట్టేసి చెప్పలేను, ఆ నెలలోనే దూరం కూడా పెంచాను. కానీ తర్వాత చదివితే తెలిసింది: అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు అరికాలి వంపు చూసి షూస్ ఇచ్చినా, అందరికీ ఒకే రకం ఇచ్చినా గాయాల్లో పెద్ద తేడా రాలేదట. పాదాల కదలిక మీద దశాబ్దాలు పనిచేసిన బెన్నో నిగ్ కూడా కాలికి హాయిగా అనిపించే షూనే ఎంచుకోమంటాడు. నేనిప్పుడు వీడియో వద్దంటాను, మూణ్నాలుగు జతలు వేసుకుని ఒక్కోదాంట్లో రెండు నిమిషాలు పరిగెడతాను. నడిస్తే తెలియని ఒరిపిడి పరుగులో బయటపడుతుంది.

ఒక్క అంకె మాత్రం అడిగి తెలుసుకోండి: మడమకీ ముందు భాగానికీ ఎత్తు తేడా, డ్రాప్ అంటారు. నేను 10 మిల్లీమీటర్ల నుంచి ఒక్కసారిగా 4కి మారితే రెండు వారాలు పిక్కలు పట్టేశాయి.

సాయంత్రం వెళ్లండి, మీరు పరిగెత్తే సాక్సులు పట్టుకెళ్లండి. "వాడగా వాడగా సాగుతుంది" అంటే నమ్మకండి. తోలు చెప్పులు సాగుతాయేమో గానీ, ఇరుకు రన్నింగ్ షూ సాగేదాకా ఎదురుచూస్తే పోయేది గోళ్లే. ఆన్‌లైన్‌లో రెండోసారి అదే మోడల్ కొనడం నాకూ అలవాటే, కానీ వెర్షన్ మారితే కొలతలూ మారొచ్చు. వేసి చూడాల్సిందే.

మీ గోరు నొప్పి లేకుండా నల్లబడి ఉంటే దాన్ని కదపకండి. సలుపుతున్నా, చుట్టూ ఎర్రబడినా డాక్టరుకి చూపించండి. నాది ఊడాక కొత్తది పూర్తిగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది.