సగంలో ఆగిన అప్‌డేట్

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే 35 శాతం దగ్గరే ఉంది. విసుగొచ్చి పవర్ బటన్ నొక్కి ఆపేశాను. అప్పటి నుంచి లోగో రావడం, చుక్కలు గిర్రున తిరగడం, మళ్ళీ ఆరిపోవడం, ఇదే వరస. మూడేళ్ల పరిశోధన నోట్సు అందులోనే ఉంది. మా తమ్ముడు రీసెట్ కొట్టేయమంటున్నాడు. కొట్టమంటారా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే వద్దు. రీసెట్‌లో ‘కీప్ మై ఫైల్స్’, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అని రెండు దారులు ఉంటాయి. తొందరలో రెండోది నొక్కి మా అమ్మాయి చిన్ననాటి ఫొటోలు పోగొట్టుకున్న మనిషిని నేను. మొదటిది నొక్కినా, మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. అది ఆఖరి అస్త్రంగా ఉండనివ్వండి.

ముందు నోట్సు బయటికి తీద్దాం. పెన్ డ్రైవ్ పెట్టండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రిపేర్ తెరకు వెళ్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. నల్ల తెర చూసి భయపడకండి. నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. నోట్సు ఫోల్డర్‌ను కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఎంతవరకు అయిందో అది చూపించదు, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి (ఈసారైనా!). సి డ్రైవ్ అక్కడ వేరే అక్షరంతో కనిపించవచ్చు, వెతకండి.

మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడిగితే టెన్షన్ పడొద్దు, వైరస్ కాదు. అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి మీ డివైజ్ వివరాల్లో చూడండి, సాధారణంగా కీ అక్కడే ఉంటుంది. తెర మీది కీ ఐడీతో సరిపోల్చుకోండి. రెండు మూడు కీలు ఉంటే తికమక పడతారు.

నోట్సు చేతికొచ్చాక అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’కు వెళ్ళండి. నెలనెలా వచ్చే మామూలు అప్‌డేట్ అయితే క్వాలిటీ అప్‌డేట్‌ను, ఏడాదికోసారి వచ్చే పెద్దదైతే ఫీచర్ అప్‌డేట్‌ను తీసేయండి. చాలాసార్లు దీంతోనే లేచి కూర్చుంటుంది. లేకపోతే స్టార్టప్ రిపేర్, ఆ తర్వాత సిస్టమ్ రిస్టోర్ (విండోస్‌ను ఇదివరకటి స్థితికి తీసుకెళ్ళేది). ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు మీ తమ్ముడి మాట వినండి, కాకపోతే ‘కీప్ మై ఫైల్స్’ అనే నొక్కమనండి.

విండోస్ తెరుచుకున్నాక సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను ఒక వారం పాజ్ చేయండి. ఈలోగా సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. నాలుగైదు జీబీలే మిగిలి ఉంటే, ఆ 35 శాతం దగ్గర ఆగిపోవడానికి కారణం అదే కావచ్చు.